వంత నుండి కథకు: ప్రజాకళలు, ప్రజావిద్య, సాంఘికసమత

కళలు జనమును కలుపుననుట మన విమర్శగ్రంథములలో తరచుగా కానవచ్చు మాట. జాతరలో కులభేదము మరుగుపడుననియు, తోలుబొమ్మలాట యెదుట ధనికుడును దరిద్రుడును ఒక్కరీతిగా నవ్వుదురనియు వ్రాయుట పరిపాటియైనది. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. కాని పరిశోధకుడు దీనిని పరీక్షింపక గ్రహింపరాదు. నవ్వు ఒక్కటియే కావచ్చును. కూర్చుండిన చోటు ఒక్కటియేనా? ఆట ముగిసిన పిమ్మట ఎవరి బావి వారికి, ఎవరి త్రోవ వారికి మిగిలినపుడు, ఆ రాత్రి కలిగిన ఐకమత్యమునకు విలువ యెంత?

ఈ ప్రశ్న కేవలము సాంఘికశాస్త్రజ్ఞులది కాదు. ప్రక్రియాస్వరూపమును, కవి దృష్టిని, శ్రోతల స్థానమును విచారించు సాహిత్యవిమర్శకు సైత మిది చెందినదే. కావున, వెలివేయబడిన వాడలను ఊరితో కలుపుటకును, చితికిన బ్రదుకులను చక్కదిద్దుటకును కళయు చదువును తెలుగునాట చేసిన ప్రయత్నములలో కొన్నింటిని ఈ వ్యాసమున పరిశీలింప దలచితిని. పరిశీలనకు మూడు కొలతలను గైకొంటిని. మొదటిది చోటు: కళ యెక్కడ జరిగినది, అచటికి ఎవరు రాగలిగిరి? రెండవది నోరు: కథను ఎవరు చెప్పిరి, ఎవరు వినిరి? మూడవది శేషము: కథ ముగిసిన తరువాత ఆ వాడకు ఏమి మిగిలినది?

బుర్రకథలో కథకుడొకడు, వంతలిద్దరు. లోకవ్యవహారమున 'వంత పాడుట' యనగా పరుల మాటకు తలయూపుట. వాడ జనము ఎంతకాలము వంతలై యుండిరో, అంతకాలము కళ వారిని కలిపినట్లు కనిపించినను కలుపలేదనియు, వారు కథకులైన నాడే కలయిక యారంభమైనదనియు నా యభిప్రాయము. దీనిని క్రమముగా నిరూపింప యత్నింతును.

౧. వాడకు కళ కొరతపడలేదు

సంస్కర్తల రచనలు చదువునపుడు, అంటరానివారి వాడలు కళాశూన్యములై యుండెననియు, బయటివారు వచ్చి అందు దీపము వెలిగించిరనియు తోచును. ఇది పొరపాటు. తెలంగాణమున చిందు భాగవతము నాడు కళాకారులు మాదిగవాడలను ఆశ్రయించి జీవించినవారు. మాదిగల యుత్పత్తిని తెలుపు జాంబపురాణమును డక్కలివారు పటమును చూపుచు చెప్పుదురు. అందు జాంబవుడు సృష్టికి పూర్వమే యున్నవాడు. అనగా ఊరు తమను చివరివారని చెప్పినపుడు, వాడ తన పురాణమున తానే మొదటివాడనని చెప్పుకొనినది. చిందు ఎల్లమ్మ వంటి నటీమణి కీర్తి నిజామాబాదు జిల్లా యెల్లలు దాటి వ్యాపించినది.

విశ్వవిద్యాలయములలో ఈ సంపదను శాస్త్రీయముగా పరిశీలించు మార్గమును శ్రీ బిరుదురాజు రామరాజు చూపిరి. వారి జానపదగేయ సాహిత్య పరిశోధనము 1958లో గ్రంథముగా వెలువడినది. అంతకు మునుపే, 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో శ్రీ సురవరము ప్రతాపరెడ్డి రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి, జనుల యాటపాటలకును ఆచారములకును చరిత్రలో స్థానము కల్పించిరి. ఈ యిరువురి కృషిచే పామరకళ పండితుల దృష్టికి వచ్చినది. అయితే కళ దృష్టికి వచ్చుట వేరు, కళాకారుడు పీఠముపైకి వచ్చుట వేరు.

డప్పు ఇందులకు నిదర్శనము. డప్పు లేనిదే ఊరిలో జాతర లేదు, శవయాత్ర లేదు, చాటింపు లేదు. ఊరంతయు వినవలసిన వాద్య మదియే. దానిని వాయించువాడు మాత్రము ఊరికి వెలుపల నుండెను. పెక్కు గ్రామములలో డప్పు కొట్టుట కళగా గాక వెట్టిగా, తప్పించుకొనరాని విధిగా సాగినది. కావున వాడకు లేనిది కళ కాదు. కళ వలన కలుగు గౌరవము. లేనిది గొంతు కాదు. ఆ గొంతును తన యిచ్ఛ కొలది వినియోగించు స్వాతంత్ర్యము. ఈ భేదమును గుర్తించినగాని తరువాతి ప్రయత్నముల విలువ తెలియదు.

౨. హరికథయు బడియు

హైదరాబాదు నగరమున 1906లో శ్రీ భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలిని స్థాపించిరి. అప్పటికి వారి వయస్సు పదునెనిమిదేండ్లు. మండలి మొదట చేపట్టిన సాధనము ఉపన్యాసము కాదు, కరపత్రము కాదు; హరికథ. ఇది యాదృచ్ఛికము కాదు. అక్షరము రానివారికి కరపత్రము నిరర్థకము. ఉపన్యాసము అలవాటులేని ప్రక్రియ. హరికథయో, వినుటకు ఇంపైనది, రాత్రివేళ పనిపాటలు ముగిసిన పిమ్మట జరుగునది.

ఆ కాలమున హరికథకు ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945) మహోన్నతస్థానము కల్పించి యుండిరి. సంగీతము, సాహిత్యము, నృత్యము, అభినయము ఒక్క వ్యక్తియందు సమావేశమగు కళగా అది రాజాస్థానములలో వెలుగొందినది. అదే ప్రక్రియ నగరములోని పేదవాడలలో మరియొక పనికి పూనుకొనినది. హరికథకు గల స్వరూపలక్షణమే ఇందుకు వీలు కల్పించినది. హరిదాసు కథను నడుమ నాపి పిట్టకథ చెప్పవచ్చును, లోకరీతిని విమర్శింపవచ్చును, మరల కథలోనికి రావచ్చును. పురాణమును చెడగొట్టకయే వర్తమానమును ప్రవేశపెట్టుటకు ఇందు ద్వారము కలదు. మద్యపానము, మూఢాచారములు, బాలికలను దేవతల పేర విడుచుట మొదలగు విషయములపై సంస్కర్తలు చేయదలచిన బోధకు ఈ ద్వారము చాలినది.

కథ పిలిచినది, బడి నిలిపినది. 1910లో ఇసామియా బజారులోను లింగంపల్లిలోను ఆరంభమైన పాఠశాలలు క్రమముగా పెరిగి 26కు చేరినవి. నాడు నిజాము రాష్ట్రమున విద్యకు ఉర్దూ మాధ్యమము కాగా, ఈ బడులలో పేదవాడల పిల్లలకు తెలుగున చదువు చెప్పబడెను. తెలుగుశాఖలలో పనిచేయు మనము ఈ విషయమును ప్రత్యేకముగా స్మరింపవలసి యున్నది. హైదరాబాదున తెలుగుభాషోద్ధరణ చరిత్ర వ్రాయునపుడు 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయముతో నారంభించుట ఆచారము. అది సముచితమే. కాని వాడబడులు ఆ చరిత్రలో సాధారణముగా చేరవు. అవి 'హరిజనోద్ధరణ' మను వేరొక ప్రకరణమునకు పంపబడును. భాషాసేవ యొకరిదియు, ఉద్ధరింపబడుట మరియొకరిదియు నని మనము విభజించుకొంటిమి. ఈ విభజన సత్యమునకు విరుద్ధము.

అయినను ఒక విమర్శ తప్పదు. తొలిదశలోని సంస్కారబోధ వాడనే మారుమనినది. కల్లు మానుము, మాంసము మానుము, శుచిగా నుండుము, అపుడు నిన్ను చేర్చుకొందురు అనునది దాని ధ్వని. ఊరు మారవలెనను మాట అందు మందముగానే వినబడును. చేరికకు నియమములు విధించుచున్నది ఊరు, నెరవేర్చవలసినది వాడ. హరికథ యెంత రమ్యముగా నున్నను ఈ లోపమును కప్పజాలదు.

ఈ లోపమును మొదట గుర్తించినవారును ఆ యుద్యమకారులే. 1917లో బెజవాడలో జరిగిన పంచమ మహాసభకు అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ, 'పంచమ' శబ్దమునే నిరాకరించిరి. సభ ఆది ఆంధ్ర సభగా మారినది. అయిదవవాడు మొదటివాడైనాడు. 1922లో మదరాసు ప్రభుత్వము 'ఆది ఆంధ్ర' నామమును అంగీకరించినది. 1931 జనాభా లెక్కలలో హైదరాబాదు రాష్ట్రమున 'ఆది హిందు' నామము ప్రవేశించినది. జాంబపురాణములో డక్కలి చెప్పిన మాటయే ఇపుడు ప్రభుత్వపు పత్రములకు ఎక్కినది. నోరు మారినదనుటకు ఇది తొలిగుర్తు. హరికథ విన్నవాడు తన పేరు తానే పెట్టుకొనినాడు.

౩. పుస్తకము నడచివచ్చుట

ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమును గూర్చి మనము గర్వించుటకు కారణములు పెక్కులు. కొమర్రాజు లక్ష్మణరావుగారి విజ్ఞానచంద్రికామండలి 1906లో వెలసి, చరిత్రమును శాస్త్రములను తెలుగున అందించినది. 1914లో బెజవాడలో గ్రంథాలయప్రతినిధుల ప్రథమసభ జరిగి ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘ మేర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి జీవము. ఊరూర చందాలు ప్రోగుచేసి, పత్రికలు బిగ్గరగా చదివి వినిపించి, అక్షరము రానివానికిని లోకవృత్తాంతము తెలిపిన ఘనత ఆ యుద్యమమునకు కలదు.

మన కొలతలను ఇచటకూడ అనువర్తింపవలెను. గ్రంథాలయ మెచట వెలసినది? దాత యింటి అరుగుపైననో, దేవాలయ మంటపముననో, ఊరినడుమ సత్రముననో వెలసినచోట్ల నియమావళిలో 'సర్వజనులకు' అని వ్రాసియున్నను, ఆ యరుగు ఎక్కుటకు సాహసించువారు ఎందరు? తలుపు తెరచి యుండుట ఒకటి. తెరచిన తలుపులోనికి వెళ్లవచ్చునని నమ్మకము కలుగుట మరియొకటి. వాడనుండి ఊరికి గల దూరము అడుగులతో కొలువదగినది కాదు.

ఈ దృష్టితో చూచిన, 1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువపై సాగిన పడవ గ్రంథాలయము మిక్కిలి విలువైన ప్రయోగముగ తోచును. శ్రీ పాతూరి నాగభూషణము దీనికి ప్రేరకులు. నాడు కాలువలే కృష్ణా డెల్టాకు రాచబాటలు. గంటలకొలది సాగు పడవ ప్రయాణమున తీరిక సమృద్ధిగా నుండును. ఆ తీరికను చదువునకు మళ్లించుట దీని యుద్దేశము. ఇందలి విశేషము కేవలము నవ్యత కాదు. పుస్తకమును వెదకికొనుచు మనిషి పోవుటకు మారుగా, మనిషి యున్నచోటికి పుస్తకము వచ్చినది. చదువు ఒక మంటపమునకు కట్టుబడిన వస్తువు కాదని పడవ చాటినది.

తరువాత శాసనములు వచ్చినవి: 1948లో మదరాసు, 1955లో హైదరాబాదు, 1960లో ఆంధ్రప్రదేశ్ పౌరగ్రంథాలయ శాసనములు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయపు పన్ను వసూలగుటచే సంస్థలకు స్థిరత్వము కలిగినది. పన్ను కట్టిన ప్రతివానికి హక్కు లభించినది. దాత దయ అక్కరలేకపోయినది. ఇది సామాన్యమైన లాభము కాదు. అయినను దీనితోపాటు ఒక నష్టమును సంభవించినదని నా తలంపు. చందా యిచ్చి, పుస్తకములు మోసి, సాయంకాలము చదివి వినిపించిన గ్రామస్థుడు క్రమముగా పాఠకుడు మాత్రమే యైనాడు. హక్కు వచ్చినది, కర్తృత్వము తగ్గినది. రెండును కలిసియుండు మార్గమును మన మింకను చక్కగా కనుగొనలేదు.

౪. కవి చూచిన ఎడము

ఉద్యమములు చెప్పని విషయమును కొన్నిమార్లు కావ్యము చెప్పును. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' యందు రామదాసు కుటుంబము భక్తియు జ్ఞానమును గలది. ఆ యింట తత్త్వవిచారము సహజముగా సాగును. సంస్కారము లేదని వెలివేసినవారి కంటె వెలివేయబడినవారే సంస్కారవంతులని పాఠకునికి తోచును. సంగదాసు కూలివారి పక్షము వహించి, చౌదరయ్య చేత హతుడగును. ఈ కథాగతిలో రచయిత వేసిన ప్రశ్న స్పష్టము: సంస్కారమే చేరికకు నియమమైనచో, ఈ కుటుంబమునకు ఊరిలో చోటేల దొరకలేదు? తొలిదశ సంస్కారబోధకు 'మాలపల్లి' ఇచ్చిన సమాధానమిది. గుంటూరు సీమ వాడుకభాష ఆ పాత్రల నోట సహజముగా పలుకుట ఈ సమాధానములో భాగమే. ప్రభుత్వము ఈ నవలను నిషేధించుట ఆ ప్రశ్న యెంత పదునైనదో తెలుపుచున్నది.

ఇంకొక మెట్టు పైకెక్కి చూచినది జాషువా 'గబ్బిలము' (1941). సందేశకావ్యములలో మేఘము, హంస మొదలగునవి ప్రియురాలి కడకు పోవును. ఇచట అంటరానివాడు కాశీవిశ్వేశ్వరునికి సందేశము పంపుచున్నాడు; వార్తాహరము గబ్బిలము. ఎందుచేత? గుడిలోనికి మనిషికి లేని ప్రవేశము గబ్బిలమునకు కలదు. ఈ కల్పన నిండ చోటును గూర్చిన విమర్శయే. ప్రబంధపద్యము, సందేశకావ్యమర్యాద, పురాణస్మృతి అన్నియు జాషువాకు స్వాధీనములే. వాఙ్మయమున ఆయనకు తెరువని ద్వారము లేదు. ఊరిలో మాత్రము కలదు. కళలో ప్రవేశము లభించుటకును సంఘములో ప్రవేశము లభించుటకును గల యెడమును ఇంతకంటె సూటిగా చూపిన తెలుగు కావ్యము నేనెరుగను.

ఈ రెండు రచనలకును ఒక భేదము కలదు. 'మాలపల్లి' ఊరివాడు వాడను చూచి వ్రాసినది; 'గబ్బిలము' వెలివేత ననుభవించినవాడు పలికినది. మొదటిదానిలో కరుణ ప్రధానము; రెండవదానిలో ఆత్మగౌరవము ప్రధానము. రెండును గొప్పవే. కాని వంతకును కథకును గల భేదము ఇచటనే స్పష్టమగుచున్నది.

౫. బుర్రకథ: అడుగువాని కళ

జంగముకథగా ఇంటింట తిరిగి యాచించువారి జీవనోపాధియైన ప్రక్రియ, 1940 తరువాత బుర్రకథయై వేలకొలది జనమును ఆకర్షించినది. 1943లో రూపొందిన ప్రజానాట్యమండలి దానికి ఆశ్రయ మిచ్చినది. గుంటూరు జిల్లా పొన్నెకల్లున పేద దూదేకుల కుటుంబమున పుట్టిన షేక్ నాజరు దానికి పరమావధిని చూపెను. రాజాస్థానము లేదు, గురుకులము లేదు. గొంతు, తంబుర, గజ్జె, జనము ఇవియే ఆయన సంపద. 1986లో ఆయనను పద్మశ్రీ వరించినది.

ప్రక్రియాస్వరూపమును గమనింపుడు. నడుమ కథకుడు, ఇరుప్రక్కల వంతలు. ఒకడు హాస్యము చెప్పును, ఒకడు రాజకీయము చెప్పును. కథ అల్లూరి సీతారామరాజుదైనను, పల్నాటి వీరులదైనను, నడుమ ఒక వంత 'అది సరే, మన యూరి సంగతి యేమి?' యని యడుగవచ్చును. హరికథలో ఆపుటయు నడిపించుటయు హరిదాసు ఒక్కని చేతిలోనివి. ఇచట కథను ఆపు అధికారము వంతకు కలదు. శ్రోత ప్రతినిధియే వేదికపై నున్నాడన్నమాట. వంత యనగా తలయూపువాడను వ్యవహారమును బుర్రకథ త్రిప్పివేసినది. ఇచట వంత ప్రశ్నించువాడు. ప్రజాకళలలో ఈ ప్రక్రియ చూపిన ప్రభావమునకు మూలము నాజరు గొంతు మాత్రమే కాదు, ఈ నిర్మాణముకూడ.

ఈ ప్రక్రియలోనికి స్త్రీలు వచ్చుట మరియొక ముఖ్యఘట్టము. మోటూరి ఉదయము మున్నగువారు బుర్రకథా దళముగా నేర్పడి ఊరూర కథ చెప్పిరి. కులస్త్రీ గజ్జె కట్టరాదను నియమము బలముగానున్న దినములలో, స్త్రీలు ముగ్గురు బహిరంగస్థలమున నిలిచి రాజకీయము మాటాడుట, వారు చెప్పిన కథ కంటె ఏమాత్రము చిన్న సంగతి కాదు. ఇట్టిచోట్ల కథావస్తువుతో పాటు చెప్పువారి యునికియే అర్థమును కలిగించుచున్నది. వస్తువునే విమర్శించి యూరకుండు విమర్శకునకు ఈ యర్థము అందదు.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగారలు 1947లో వెలువరించిన 'మా భూమి' నాటకమును ఈ సందర్భమున స్మరింపవలెను. తెలంగాణ రైతుల పోరు దానికి వస్తువు. పెక్కు దళములు దానిని పల్లెపల్లెన ప్రదర్శించినవి. మదరాసు ప్రభుత్వము నిషేధించినది. దీనిని కేవలము ప్రచారమని త్రోసిపుచ్చువారు కలరు. ఆ యాక్షేపమునకు తరువాత సమాధానము చెప్పుదును.

౬. పాఠము పోరాటమైన విధము

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణాక్షరాస్యతోద్యమ మారంభమైనది. కళాజాతాలు ఊరూర పాటలతో, చిన్న నాటికలతో తిరిగినవి. సాయంకాలము కూలిపని ముగించి వచ్చిన స్త్రీలు లాంతరు వెలుగున పలక పట్టిరి. వారు చదివిన వాచకమున 'సీతమ్మ కథ' యను పాఠ మొకటి. సారా వలన చితికిన సంసారము దాని వస్తువు.

సాహిత్యచరిత్రలో వాచకపాఠమునకు స్థానము లేదు. దానికి కర్త పేరు సైతము ప్రసిద్ధము కాదు, అలంకారము లేదు, వాక్యములు పొట్టివి. అయినను తెలుగున ఇటీవలి శతాబ్దమున ఇంతటి ఫలము నిచ్చిన రచనలు మిక్కిలి యరుదు. దూబగుంట గ్రామస్త్రీలు ఈ పాఠమును చదివి, తమలో తాము చర్చించి, ఊరిలో సారాను ఆపివేసిరి. ఆ యుద్యమమునకు రోశమ్మ పేరు ప్రతీకగా నిలిచినది. పిమ్మట దూబగుంట వృత్తాంతమే 'ఆడవాళ్లు ఏకమైతే' యను పాఠమై, తరువాతి వాచకమునకు ఎక్కినది. దానిని చదివిన ఇతర గ్రామముల స్త్రీలు తామును కదలిరి. 1992 నాటికి జిల్లా యంతటను సారా పాటలు నిర్వహించుట కష్టమైనది; 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది.

ఈ వృత్తాంతమును రాజకీయచరిత్రకారులు చక్కగా వ్రాసియున్నారు. సాహిత్యవిద్యార్థి చూడవలసిన దింకొకటి కలదు. మొదటి పాఠమున స్త్రీ పాఠకురాలు. రెండవ పాఠమున ఆమెయే పాత్ర. మొదటి కథను చదువుకొన్నవారు వ్రాసి యిచ్చిరి. రెండవ కథను చదువు నేర్చుకొనుచున్నవారే తమ చేతలతో సమకూర్చిరి. వంత కథగా మారుటకు ఇంతకంటె స్ఫుటమైన నిదర్శనము లేదు. అక్షరము నేర్పుటకు వచ్చినవారు సారానిషేధమును కోరి రాలేదు. అక్షరముతో పాటు కూడి మాటాడుకొను చోటును ఇచ్చిరి. ఆ చోటే ఫలించినది. ఒక్కతె తన యింటిలో సారాను గూర్చి ఏడ్చిన అది దుఃఖము; పదిమంది కూడి ఒకే పాఠముపై మాటాడిన అది విమర్శ.

౭. ఆక్షేపములు, సమాధానములు

మొదటి ఆక్షేపము: ప్రయోజనమునకు కట్టుబడిన కళ కళ కాదు, ప్రచారము. దీనికి సమాధానము ప్రక్రియలలోనే కలదు. హరికథ, బుర్రకథ, సందేశకావ్యము ఇవి ప్రయోజనముకొరకు తమ స్వరూపమును విడువలేదు. స్వరూపముచేతనే ప్రయోజనమును సాధించినవి. పిట్టకథ, వంత ప్రశ్న, గబ్బిలము అను దూత ఇవి అన్నియు కళాసాధనములు. వీనిని తొలగించిన బోధ మిగులును, కాని ఫలము మిగులదు. అయితే ఉద్యమమునకై వ్రాయబడిన ప్రతి పాటయు కావ్యమని నేననను. వంతకు ప్రశ్నించు హక్కు లేక, ముందుగా నిర్ణయించిన సమాధానమును పలుకుట మాత్రమే పనియైనచోట బుర్రకథ ప్రకటనగా దిగజారినది. ప్రభుత్వశాఖల పథకములను చాటుటకు దానిని వినియోగించినపుడు ఈ యపాయము తరచుగా కలిగినది.

రెండవ ఆక్షేపము బలమైనది: ఈ ఫలములు నిలిచినవా? 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడినది. అక్షరాస్యతోద్యమము కొన్ని నెలల గడువుతో రూపొందినది. గడువు ముగిసిన కేంద్రములలో లాంతరు ఆరినది. నాటకదళములు నిర్బంధములచే చెదరినవి. ఇది కాదనరాని సత్యము. కాని దీనివలన తేలునది కళ నిష్ఫలమని కాదు. కథ రగిల్చినదానిని నిలుపుటకు బడి వలెను, గ్రంథాలయము వలెను, కూడుచోటు వలెను. భాగ్యరెడ్డి వర్మ హరికథకు తోడు బడిని పెట్టుటలోని వివేకమిదియే. ఉత్సవమునకు ధనము దొరకుట సులభము. ప్రతిసాయంకాలము దీపము వెలిగించుటకు దొరకుట దుర్లభము.

మూడవది నాకు నేను వేసికొన్న ఆక్షేపము: వాడలోని కళాకారుడు కథకుడైన మాత్రమున ఊరు మారునా? ఇచట డప్పును మరల తలచుకొందును. 1994లో మాదిగ దండోరా ఉద్యమము ప్రకాశము జిల్లా ఈదుముడిలో ఆరంభమైనపుడు, వెట్టికి గుర్తైన వాద్యమునకు సంబంధించిన పేరే జెండా యైనది. ఊరి యాజ్ఞను చాటుటకు మ్రోగిన దండోరా తన హక్కును చాటుటకు మ్రోగినది. వాద్యము మారలేదు, వాయించువాని యిచ్ఛ మారినది. ఊరు పూర్తిగ మారెనని చెప్పజాలను. కాని డప్పు చప్పుడు విన్నవారు దాని యర్థమును ఇక మునుపటివలె గ్రహింపలేరు. కళ చేయగలిగిన పని ఇంతవరకు. ఇది తక్కువ కాదు.

ఉపసంహారము

పై పరిశీలనమువలన తేలిన విషయములను సంగ్రహింతును. కళ దానంతటది జనమును కలుపదు. చోటు అందరిదైనపుడు, వినువానికి అడుగు హక్కు కలిగినపుడు, కథ ముగిసిన పిమ్మట ఒక బడియో ఒక గ్రంథాలయమో మిగిలినపుడు మాత్రమే కలుపును. ఈ మూడింటిలో ఏది లోపించినను ఐకమత్యము ఆ రాత్రితో ముగియును.

మన శాఖలలో పరిశోధనము చేయు విద్యార్థులకు ఇందుండి కొన్ని పనులు ఏర్పడుచున్నవి. గ్రంథాలయముల చరిత్రలు వ్రాయునపుడు దాతల పట్టికలతో తృప్తిపడక, సభ్యుల పట్టికలను వెదకవలెను. పుస్తకము ఎరువు తీసికొన్నవారిలో ఏ వాడవారెందరో లెక్కింపవలెను. బుర్రకథా పాఠములను సేకరించునపుడు కథకుని పాఠముతో పాటు వంతల మాటలను వ్రాసికొనవలెను. ముద్రితప్రతులలో అవి తరచుగా లోపించుచున్నవి. అక్షరాస్యతా వాచకములు చిరిగి మాయమగుటకు మునుపే భద్రపరుపవలెను. వానిని చదివినవారిలో పెక్కురు నేడు వృద్ధులైరి, వారి నోటిమాటను ఇపుడే నమోదు చేయవలెను. జాంబపురాణమును వ్రాసికొనువాడు డక్కలి కళాకారుని 'వక్త' యని పీఠికలో ఒక్క పంక్తితో సరిపుచ్చక, గ్రంథకర్తగా పేర్కొనవలెనా యను ప్రశ్నను ధైర్యముగా ఎదుర్కొనవలెను.

చివరి ప్రశ్న మనలను గూర్చినదే. విశ్వవిద్యాలయమును ఒక ఊరే. దానికిని ఒక వాడ కలదు. జానపదకళాకారుని మన వేదికపైకి పిలిచి, పాడించి, శాలువ కప్పి పంపుచున్నాము. ఆయన పాట ముగిసిన తరువాత ఆ పాటను గూర్చి మాటాడుటకు మనమే లేచుచున్నాము. ఆయన వంత, మనము కథకులము. ఏనాడు ఆయన మన పరిశోధనమును విని 'అది సరే, ఇందు మా సంగతి యేమి?' యని యడుగునో, ఆ ప్రశ్నకు మనము లేచి సమాధానము చెప్పుదుమో, ఆనాడే ఈ వ్యాసమున వ్రాసిన మాటలకు మన శాఖలలో సార్థకత కలుగును.